బాండికూట్ మనదే, మరి మాంగూస్ ఎవరిది?

ధర్మాబాద్ మిర్చి (నాందేడ్ జిల్లా)

అందరికీ నమస్కారం. ఒక పంచాయితీ తెచ్చాను, పెద్దలు తీర్పు చెప్పాలి. మా అమ్మాయి చదివే మరాఠీ మీడియం బడిలో మన దేశ భాషల నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన మాటలతో ఒక చార్టు తయారుచేస్తున్నారు. జంతువుల వరసలో సారు ‘మాంగూస్’ రాయించి, ఎదురుగా ‘మరాఠీ, ముంగూస్’ అని పెట్టించారు. మా పిల్ల లేచి "సార్, మా ఇంట్లో దాన్ని ముంగిస అంటాం, అది తెలుగు మాట" అందట. సారు మంచాయన, కసురుకోలేదు. రుజువు తెస్తే మారుస్తానన్నారు. "మీకు బాండికూట్ ఉంది కదమ్మా, మా ముంగూస్ జోలికి ఎందుకొస్తారు" అని నవ్వారట కూడా.

పందికొక్కే బాండికూట్ అయిందని నాకూ తెలుసు. ఆ ముంగిస సంగతే తేల్చండి. చార్టు శనివారం గోడకెక్కుతుంది. ఇంట్లో మా పిల్ల నన్ను కూర్చోనివ్వడం లేదు.

నిఘంటు పురుగు (బల్లార్‌పూర్)

మిర్చి గారూ, ముందు తగాదా లేనిది తేల్చేద్దాం. బ్రిటిష్ వాళ్ల కాలపు ఇండియా మాటలన్నీ పోగేసిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు ఒకటుంది. హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కలిసి రాశారు, 1886లో అచ్చయింది. బాండికూట్ కింద వాళ్లు రాసింది స్పష్టంగా ఉంది: తెలుగు పందికొక్కు నుంచి చెడిన రూపం, అక్షరాలా పంది-ఎలుక, ఆ పేరు దేశమంతా పాకింది. ఇంగ్లిష్ రాతల్లో ఈ మాట 18వ శతాబ్దం చివరికి కనిపిస్తుంది. తర్వాత 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఆ ఎలుకల ప్రజాతికే ‘బాండికోటా’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. థాయిలాండ్‌లోనో వియత్నాంలోనో ఒక శాస్త్రవేత్త పొలం ఎలుకల మీద వ్యాసం రాస్తే, అందులో మన పందికొక్కు లాటిన్ వేషంలో కూర్చుని ఉంటుంది.

‘ప’ పోయి ‘బ’ ఎందుకొచ్చిందని అడుగుతారేమో. ఇంగ్లిష్ వాడు మాట మొదట్లో ‘ప’ పలికితే కొంచెం గాలి కొడుతుంది. మన ‘ప’లో ఆ గాలి ఉండదు. అందుకని వాళ్ల చెవికి అది ‘బ’లా వినపడుతుంది.

ఇక అసలు విషయం. అదే పుస్తకంలో మంగూస్ దగ్గర ఏముందో తెలుసా? ఇది తెలుగు మాట, మంగీసు లేదా ముంగీస, అని తేల్చి రాశారు. జెర్డన్ అనే జంతుశాస్త్రవేత్త మాత్రం దీన్ని దక్కనీ, మరాఠీ మాటగా చెప్పాడని పక్కన చేర్చారు. కాబట్టి మీ అమ్మాయి చేతిలో 1886 నాటి రుజువు ఉన్నట్టే.

ధర్మాబాద్ మిర్చి

అబ్బ, ప్రాణం లేచొచ్చింది పురుగు గారూ. ప్రింట్ తీసి పంపించేస్తాను.

కిన్వట్ కాకా (నాందేడ్ జిల్లా)

ఆగు తమ్ముడూ, అంత తొందరపడకు. ఆ సారు ఊరికే నోటికొచ్చింది రాయించలేదు. ఇప్పుడు వాడుకలో ఉన్న పెద్ద ఇంగ్లిష్ నిఘంటువులు తీసి చూడు. మాంగూస్ మరాఠీ నుంచి వచ్చిందనే రాస్తాయి. యూల్, బర్నెల్ గొప్పవాళ్లే. అయితే బర్నెల్ పనిచేసిందంతా మద్రాసు రాజధానిలో. చుట్టూ ద్రావిడ భాషలే. ఆయన చెవికి ముంగిస ముందు తగిలి ఉంటుంది. ఇది నా ఊహ, రుజువు కాదు.

నాకైతే ఈ తగాదా చూస్తే నవ్వొస్తుంది. 1956 దాకా మా కిన్వట్ ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, అటు రాజురా కూడా. నవంబర్ 1న మేం ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారాం. మా చేలల్లో ముంగిసలకి మాత్రం ఎవరూ ఆర్డర్ పంపలేదు.

గోదాము గుమాస్తా (దెగ్లూర్)

మాటల సంగతి మీరు చూసుకోండి గానీ, నాకు ఆ జంతువుతోనే బాధ. నేను పనిచేసే గోదాములో పునాది పక్కన రోజూ పొద్దున్నే తడి మన్ను కుప్ప పోసి ఉంటుంది. బొరియ నోరు నా పిడికిలి పట్టేంత. రాత్రి లైటు వేసి చూస్తే బస్తాల సందులో వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గుర్రుమంటూ నా మీదికే వచ్చింది. ఎలుక కిచకిచమంటుంది. ఇది పందిలాగే గుర్రుమంటుంది. పేరు పెట్టినవాడెవడో దాన్ని బాగా దగ్గర నుంచి చూశాడు.

ఒక ముంగిసని తెచ్చి వదిలితే పోతాయా ఇవి?

పర్లాకిమిడి పాతకాపు (గజపతి జిల్లా)

గుమాస్తా గారి ప్రశ్నకి తరువాత వస్తాను బాబూ. ముందు కాకా గారికి ఒక మాట.

మా ఒడిశా వైపు నుంచి చూస్తే ఈ చిక్కు సుళువుగా విడిపోద్ది. మా ఒడియా పొరుగువాళ్లు ముంగిసని ‘నెఉళ’ అంటారు. హిందీలో నేవలా. సంస్కృతంలో నకులం. ఇవన్నీ ఒక కుదురే, వింటేనే తెలుస్తుంది. పాండవుల్లో నాలుగోవాడి పేరూ అదే కదా. ఉత్తరాది భాషల్లో ఎక్కువగా ఆ కుదురు మాటే నడుస్తుంది. ఆ కుటుంబంలోదే అయిన మరాఠీలో మాత్రం ముంగూస్. కొంకణిలోనూ అదే. ఇటు చూస్తే కన్నడంలో ముంగుసి, తెలుగులో ముంగిస, ముంగి. తమిళం, మలయాళం వాళ్ల దారి వేరు, వాళ్లు కీరి అంటారు.

పటం మీద గీసి చూడండి. ఆ మాట ఉన్న నాలుగు భాషలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మరాఠీకి తన కుటుంబం నుంచి రావలసిన మాట ఎటో పోయి, పొరుగింటి మాట వచ్చి కూర్చుంది. అందుకే ఇది మొదట ద్రావిడ మాట అని పండితులు అనేది.

కిన్వట్ కాకా

పాతకాపు గారూ, ఆ మాట ఒప్పుకుంటా. ఎవరో ఒకాయన సంస్కృతంలో వేగంగా పోవడాన్ని చెప్పే ‘మక్షు’కి దీన్ని ముడిపెట్టే ప్రయత్నం చేశాడని గుర్తు.

నిఘంటు పురుగు

ఆయన ప్లాట్స్ కాకా, ఉర్దూ నిఘంటువు రాసినాయన. 1903లో విలియం క్రూక్ హాబ్సన్-జాబ్సన్‌ను మళ్లీ దిద్ది వేసినప్పుడు ఈ ముక్క చేర్చాడు. ప్లాట్స్ దీన్ని చాలా అనుమానంగా చెప్పాడని కూడా అక్కడే ఉంది. చెప్పినవాడికే నమ్మకం లేనప్పుడు మనం భుజాన వేసుకోవడం ఎందుకు?

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

నేను మరాఠీ మీడియంలో చదివి తెలుగు ఇంట్లో పెరిగినదాన్ని. నాకు రెండూ సొంత మాటలే. అందుకే ఒక ప్రశ్న అడుగుతా. మీరంతా రెండు వేరు వేరు సంగతులని కలిపి తగాదా పడుతున్నారు. ఆ మాట మొదట ఏ భాషలో పుట్టింది అనేది ఒకటి. ఇంగ్లిష్ వాడు ఎవరి నోటి నుంచి తీసుకున్నాడు అనేది ఇంకొకటి. బడి చార్టులో రాయాల్సింది రెండోది.

ఇప్పుడు నోటితో పలికి చూడండి. ముంగిస. మధ్యలో ‘గి’ ఉంది, చివర అచ్చు ఉంది. ముంగూస్. మధ్యలో దీర్ఘంగా ‘గూ’, చివర సకారం పొల్లు. ఇంగ్లిష్‌లో ఏముంది? మాంగూస్. గూస్ రావాలంటే గూ ఉండాలి కదా! ముంగిస నుంచే తీసుకుని ఉంటే మంగీస్ అనో మంగిసా అనో తేలేది. కాబట్టి నా ఓటు మరాఠీకే. మా అమ్మ ఇది చదివితే అన్నం పెట్టదు.

నిఘంటు పురుగు

ప్రాణహిత గారి వాదం గట్టిది. దానికి ఇంకో బలం కూడా ఉంది, నేనే మీ చేతికిస్తున్నాను.

జాన్ ఫ్రయర్ అని ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఒకడు 1672లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి, 1673లో మన మచిలీపట్నం మీదుగా మద్రాసు చూసుకుని, పడమటి తీరానికి బొంబాయి, సూరత్ వైపు వెళ్లాడు. ఆయన పుస్తకం 1698లో అచ్చయింది. అందులో మంగూస్ అనేది ఫెరెట్‌కి చుట్టం లాంటిదని ఉంది. ఫెరెట్ అంటే వాళ్ల దేశంలో కుందేళ్ల వేటకి పెంచే సన్నటి పొడుగాటి జంతువు. ఫ్రయర్ ఇండియాలో ఎక్కువ కాలం గడిపింది పడమటి తీరంలోనే. అటు పోర్చుగీసు వాళ్లు అప్పటికే నూటయాభై ఏళ్లుగా గోవాలో పాతుకుని ఉన్నారు. పోర్చుగీసులో మంగుస్తు, ఫ్రెంచిలో మాంగూస్త్. ఇంగ్లిష్ మాట పోర్చుగీసు చేయి మారి వచ్చి ఉండొచ్చని కూడా అంటారు. ఎటు చూసినా దారి కొంకణ తీరం వైపే పోతోంది.

ఫ్రయర్ పుస్తకంలో ఇంకో తమాషా ఉంది. ఆయన తన దేశపు పందులంతేసి ఎలుకలని చూశాడట. అవి ఇళ్ల కింద బొరియలు తవ్వి, కోళ్ల మీదికి కూడా తెగబడతాయని రాశాడు. పందితో పోల్చాడు, వర్ణించాడు, పేరు మాత్రం రాయలేదు. పందికొక్కు అన్న మాట చెవిన పడి ఉంటే బాండికూట్ ఇంగ్లిష్‌లోకి ఇంకో వందేళ్లు ముందే వెళ్లేదేమో.

కిన్వట్ కాకా

పెద్ద ఎలుకల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. అంతకన్నా ముందే, 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా మా మహారాష్ట్రలోని దేవగిరి కోట చెరసాలల గురించి రాశాడు. ఘోరమైన నేరాలు చేసినవాళ్లని పడేసే ఆ కొట్లల్లో పిల్లుల కన్నా పెద్ద ఎలుకలున్నాయని, వాటిని చూసి పిల్లులే పారిపోతాయని. హాబ్సన్-జాబ్సన్ వాళ్లు దీన్నీ బాండికూట్ కిందే చేర్చారు. దౌలతాబాద్ కోట చూడ్డానికి పోయినప్పుడల్లా నాకు ముందు ఇదే గుర్తొస్తుంది, ఫిరంగులూ గోడలూ తర్వాత.

మరాఠీలో పందికొక్కుని ‘ఘూస్’ అంటారు. హిందీలో ఘూస్ అంటే లంచం. మనం లంచగొండిని పందికొక్కు అని తిడతాం. ఇంత చక్కగా కుదిరింది కదా అని రెండిటికీ చుట్టరికం కలిపేయకండి, రుజువు లేదు.

పర్లాకిమిడి పాతకాపు

చుట్టరికాలంటే గుర్తొచ్చింది. ఒడియాలో పందిని ‘ఘుసురి’ అంటారు. మా ఊళ్లో ఒకాయన ఘూస్, ఘుసురి ఒకటేనని, కాబట్టి మరాఠీ వాళ్లు కూడా పందిని చూసే పేరు పెట్టారని టీ కొట్టు దగ్గర వాదిస్తాడు. వినడానికి బాగుంటాది. శబ్దం కలిసినంత మాత్రాన మాట కలవదు అని చెప్తే ఆయన టీ డబ్బులు నన్నే ఇమ్మంటాడు.

పంది అన్న మాటకి నిజమైన చుట్టాలు వేరే ఉన్నారు. తమిళం పన్రి, మలయాళం పన్ని, తుళు పంజి, కన్నడం హంది. కన్నడంలో పాత ‘ప’ అంతా ‘హ’ అయిపోయింది, పాలు హాలు అయినట్టు. సిరోంచ అమ్మాయికి గోండీ తెలిసి ఉంటే చెప్పాలి.

ప్రాణహిత ఒడ్డు

గోండీలో పద్ది. మా ఊరి సంతలో రోజూ వినే మాటే.

గేమ్ పోరడు (చంద్రపూర్)

అన్నలూ, అక్కలూ, క్రాష్ బాండికూట్ ఎవరూ ఆడలేదా? 1996లో ప్లేస్టేషన్‌కి వచ్చిన గేమ్, ఇప్పటికీ కొత్తవి వస్తున్నాయి. ఆ క్రాష్ గాడు నారింజ రంగులో ఉంటాడు, నీలం నిక్కరు వేసుకుంటాడు. వాడు పందికొక్కా?! చిన్నప్పటి నుంచి ఆడుతున్నా, ఇవాళ తెలిసింది మన తెలుగోడని.

నిఘంటు పురుగు

పేరు తెలుగు తమ్ముడూ, మనిషి ఆస్ట్రేలియా. ఆస్ట్రేలియాలో దిగిన ఇంగ్లిష్ వాళ్లకి మూతి సన్నగా, వీపు గూనిగా, నేల తవ్వుకుంటూ తిరిగే ఒక జంతువు కనిపించింది. ఇండియాలో పెద్ద ఎలుకని బాండికూట్ అంటారని అప్పటికే తెలుసు. దీనికీ అదే తగిలించారు. నిజానికి అది ఎలుకే కాదు. కంగారూ లాగా పిల్లల్ని సంచిలో పెట్టుకునే జాతి. తవ్వేటప్పుడు మన్ను లోపల పడకుండా ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. పిల్ల కడుపులో ఉండేది పన్నెండున్నర రోజులే, పాలిచ్చే జంతువుల్లో అంత తక్కువ కాలం చాలా అరుదు. పురుగులూ, వేరుపురుగులూ తిని బతుకుతుంది, ధాన్యం బస్తాల జోలికి రాదు. మన పందికొక్కుకి చెడ్డపేరు తెచ్చిన పని ఒక్కటీ చేయదు, పేరు మాత్రం మోస్తోంది.

అక్కడి ఇంగ్లిష్‌లో ఈ మాట ఇంకా ముందుకు పోయింది. బాండికూట్ చేయడం అంటే, పైన మొక్క కదలకుండా ఉంచి, కింద నుంచి చేయిపెట్టి బంగాళాదుంపలు కాజేయడం! పొద్దున రైతు వచ్చి చూస్తే ఆకు పచ్చగా అలాగే ఉంటుంది, దుంప ఉండదు. దిక్కులేనివాణ్ణి కాలిపోయిన గట్టు మీది బాండికూట్ అని కూడా అంటారు. పందికొక్కు అనే తెలుగు నామవాచకం అక్కడ క్రియ అయి కూర్చుంది. మనమే దాన్ని క్రియగా వాడుకోలేదు.

గోదాము గుమాస్తా

ఆకు ఉంచి దుంప తీసే విద్య మా సేఠ్‌కి బాగా తెలుసు. నా జీతం అట్లాగే ఉంటుంది.

ప్రాణహిత ఒడ్డు

ఈ రెండు పేర్ల తోకలు ఎవరైనా గమనించారా? మాంగూస్ చివర గూస్, అంటే బాతుజాతి పెద్ద పక్షి. బాండికూట్ చివర కూట్, అదీ నీటిపక్షే, నల్లగా ఉండి నుదుట తెల్లమచ్చ ఉంటుంది. మన చెరువుల్లో చలికాలం గుంపులుగా దిగుతుంది. తెలియని శబ్దం వినపడగానే తెల్లవాడి చెవి తన ఊరి పక్షిని పట్టుకుందన్నమాట. పాములని చంపేదానికీ పక్షి తోకే, బస్తాలు కొరికేదానికీ పక్షి తోకే.

నిఘంటు పురుగు

గూస్ సంగతి నిఘంటువుల్లోనే ఉంది. స్పెల్లింగ్ అలా స్థిరపడటానికి గూస్ పోలికే కారణమంటారు. అందుకే పిల్లలు బహువచనం అడిగితే తికమక. గూస్‌కి గీస్ కాబట్టి మాంగూస్‌కి మాంగీస్ అనేస్తారు. కాదు, మాంగూసెస్ అనాలి. కూట్ విషయం మీ సొంత ఊహే అయినా బాగుంది, నేను ఎత్తుకుపోతాను.

కిన్వట్ కాకా

మాంగీస్ అంటే మళ్లీ మంగీసు దగ్గరికే వచ్చింది చూడండి! యూల్ దొర పైనుంచి నవ్వుతుంటాడు.

పర్లాకిమిడి పాతకాపు

పేరులో పందిని ఎందుకు తెచ్చారన్నది నాకు ఇంకా ఇష్టమైన ప్రశ్న. తమిళంలో దీన్ని పెరుచ్చాళి అంటారు, ‘పెరు’ అంటే పెద్ద. వాళ్లు సైజు చూశారు. మనవాళ్లకి సైజు ఆనలేదు, పంది కావాల్సొచ్చింది. గుమాస్తా గారు చెప్పిన గుర్రు ఒక కారణం. బలిసిన ఒళ్లు, మొండి మూతి, బిరుసు వెంట్రుకలు మిగతా కారణాలు.

ఇంగ్లిష్ వాళ్లకీ ఈ అలవాటు ఉంది. ముళ్లపందిని వాళ్లు పోర్క్యుపైన్ అంటారు. అది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, అసలు అర్థం ముళ్ల పందే. మనం ఏదుపంది, ముళ్లపంది అంటాం. ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి పర్లాకిమిడి. చూసిన జంతువొకటే, తోచిన పోలికా ఒకటే. ముళ్లపందికీ పందికీ చుట్టరికం లేదు, అది ఎలుకల వంశం. పందికొక్కూ ఎలుకల వంశమే. తెలుగువాడు ఒకదాన్ని పందిలో కలిపాడు, ఒకదాన్ని కొక్కులో ఉంచాడు. రెండోదాంట్లో శాస్త్రానికి దగ్గరగా ఉన్నాడు.

నిఘంటు పురుగు

ఆ కొక్కు మాటని ఎవరూ పట్టించుకోరు, పంది మీదే అందరి కళ్లూ. కొక్కు అనేది విడిగా ఉన్న మాట, ఎలుక జాతిదే. నిఘంటువుల్లో వినాయకుడికి ‘కొక్కురౌతు’ అన్న పేరు కనిపిస్తుంది. కొక్కుని ఎక్కి తిరిగేవాడని. ఆయన బరువుకి మామూలు ఎలుక చాలదు, పందికొక్కే తగిన వాహనం అని నా అభిప్రాయం.

ఇది కూడా ఒకసారి లాటిన్ వేషం వేసింది. 1837లో గ్రే ఒక పొలం ఎలుకకి ‘మస్ కోక్’ అని పేరు పెట్టాడు. ఆ జంతువు చిన్న పందికొక్కే, ఇప్పటి శాస్త్రీయ నామం బాండికోటా బెంగాలెన్సిస్. దక్షిణ మరాఠా ప్రాంతంలో ఉద్యోగం చేసిన వాల్టర్ ఇలియట్ 1839లో అక్కడి జంతువుల జాబితా అచ్చు వేశాడు. ఈ కోక్ బొరియల్లో గింజలు దాస్తుందని, చెరువులు తవ్వే వడ్డెరలు ఆ బొరియలు తవ్వి గింజలు తీసుకునేవారని అందులో రాశాడు. వడ్డెరల ఇంటి భాష తెలుగు. ఎలుకల దొంగ నిల్వలని తిరిగి దోచుకునే విద్య యానాదులకీ ఉంది. ఒక బొరియలో వెన్నులు ఎంత చక్కగా కత్తిరించి పేర్చి ఉంటాయో చూసినవాళ్లకి తెలుస్తుంది.

గోదాము గుమాస్తా

నా ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. ముంగిస తేవాలా వద్దా?

పర్లాకిమిడి పాతకాపు

వద్దు బాబూ, రెండు కారణాలు. మొదటిది చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిసని పట్టడం, పెంచడం నేరం. దాని బొచ్చుతో చేసిన పెయింటింగ్ బ్రష్షులు అమ్మినా కేసే.

రెండోది, ఈ ప్రయోగం ఇప్పటికే పెద్ద ఎత్తున జరిగి చెడింది. 1872లో జమైకాలో ఒక చెరకు తోటల యజమాని ఎలుకల బాధ పడలేక కలకత్తా నుంచి చిన్న జాతి ముంగిసలని తెప్పించి వదిలాడు. మొదట్లో ఎలుకలు తగ్గాయన్నారు. అది చూసి 1883లో హవాయి వాళ్లు కూడా తెచ్చుకున్నారు. కానీ ఎలుకలు తిరిగేది రాత్రి, ముంగిస తిరిగేది పగలు. పనివేళలే కలవలేదు. ముంగిస నేల మీద గుడ్లు పెట్టే పక్షులనీ, తాబేళ్ల గుడ్లనీ తింటూ పోయింది. జపాన్ వాళ్లు ఒకినావాలో 1910లో, అమామి దీవిలో 1979లో పాముల కోసం వదిలారు. అక్కడా అదే వరస, హబు పాము రాత్రి తిరిగేది. అమామిలో వాటిని పూర్తిగా తొలగించామని 2024లో ప్రకటించగలిగారు, అంత కాలం పట్టింది. అన్నట్టు కరీబియన్ దీవుల్లో కూడా దాన్ని మాంగూస్ అనే అంటారు. జంతువుతో పాటు పేరూ ఓడెక్కింది.

నువ్వు చేయాల్సింది, ముందు బొరియలన్నీ మట్టితో మూసెయ్. మర్నాడు తెరుచుకున్నవే బతికున్న బొరియలు. రెండు మూడు రోజులు ఒట్టి నూకలు నూనె కలిపి పెట్టి అలవాటు చెయ్. తర్వాతే మందు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు జింక్ ఫాస్ఫైడ్. చేతికి గ్లౌజులు వేసుకో, పిల్లలూ కుక్కలూ అటు పోకుండా చూసుకో, చచ్చినవాటిని లోతుగా పాతిపెట్టు. ధాన్యానికి దగ్గర్లో మాత్రం పెట్టకు, అక్కడ బోనులే మంచిది.

గోదాము గుమాస్తా

ఇదీ సమాధానమంటే. దండం పాతకాపు గారూ.

ధర్మాబాద్ మిర్చి

సరే, మరి నేను సారుకి ఏం చెప్పాలి? ప్రాణహిత గారి గూ, పాతకాపు గారి నకులం, రెండూ విన్నాక నా పిల్ల వైపు వాదించే బలం సగానికి పడిపోయింది.

ప్రాణహిత ఒడ్డు

సగం చాలు కదా. ఇలా రాయించండి: "మాంగూస్. ఇంగ్లిష్‌లోకి మరాఠీ ముంగూస్ నుంచి వచ్చింది. తెలుగు ముంగిస, కన్నడ ముంగుసి దీని చుట్టాలు. మూలం ద్రావిడం కావొచ్చు." మరాఠీ ముందు ఉంది కాబట్టి సారుకి ఇబ్బంది లేదు, ముంగిస చార్టు ఎక్కింది కాబట్టి మీ అమ్మాయికి ఏడుపు లేదు. బాండికూట్ వరస ఎలాగూ మనదే. రంగు పెన్నుతో రాయించండి.

కిన్వట్ కాకా

‘కావొచ్చు’ తీసెయ్యండి అని నా మనసు అంటోంది. కానీ ఉంచండి, సారు ఒప్పుకోవాలి కదా.

ధర్మాబాద్ మిర్చి

సారు ఒప్పుకున్నారు! నాలుగు భాషల పేర్లూ పక్కపక్కనే రాయించారు. చార్టు రాత్రే సిద్ధమైంది, మా పిల్ల ఫోటో తీసి పంపింది. బాండికూట్ దగ్గర నెట్ నుంచి ఒక బొమ్మ ప్రింట్ తీసి అతికించారు. మూతి కోసుగా, ముద్దుగా ఉంది. గోదాము గుమాస్తా గారు చెప్పిన గుర్రు దీనికి ఎలా వస్తుందా అని చూస్తున్నా.

నిఘంటు పురుగు

మిర్చి గారూ, అది ఆస్ట్రేలియాది! నెట్‌లో బాండికూట్ అని ఒక్క మాట కొడితే ముందు అదే వస్తుంది. బొమ్మలో మూతి సన్నగా ముందుకు సాగి, ముక్కు చివర పొడుగ్గా ఉంటే అది సంచి జంతువు. మనదానికి మూతి మొండిగా, ఒళ్లు నల్లటి గోధుమ రంగు, తోక బోడిగా పొలుసుల్లాగా ఉంటుంది. ‘బాండికోటా ఇండికా’ అని వెతికించండి, సరైనది దొరుకుతుంది.

గోదాము గుమాస్తా

వెతకడం ఎందుకు, ఇవాళ బోనులో ఒకటి పడింది. ఫోటో పెడుతున్నా, దాన్నే ప్రింట్ తీయించండి.